కవరు విప్పని మూత

ఎదురుగా అద్దాల షాపట, అద్దాల షాపు! తలుపులకి అద్దాలు బిగించి, నేలంతా నున్నగా పాలరాళ్ళు పరిస్తే ఇంజను చల్లబడుతుందా నర్సమ్మగారూ? చూడండి, మీ బండి ఎట్లా ఆవిర్లు కక్కుతోందో!

అమ్మో, ఆ రేడియేటర్ మూత ముట్టుకోకండి! లోపల ఇంకా సలసల మరుగుతోంది. విప్పారంటే మొహమ్మీదికి చిమ్ముతుంది. కాస్త ఆరనివ్వండి. కూర్చోండి మీరు. ఆ స్టూలు కాదండీ, దానికంతా గ్రీజు. ఇదిగో, దిండు వేసిన కుర్చీ. మీ కుర్చీయేగా! ఆర్నెల్లైంది దాంట్లో ఎవరైనా కూర్చుని.

ఆఁ? పేషెంటు ఇంటికి వెళ్తుంటే దార్లోనే ఆగిపోయిందా? ఎవరెవరో కలిసి ఇక్కడిదాకా తోసుకొచ్చారా? అయ్యయ్యో. మరి ఆ పెద్దాయన కాలికి కట్టు ఎవరు మారుస్తారు? సాయంత్రానికి ఇంకో నర్సు వెళ్తుందా... హమ్మయ్య.

ఒకటి చెప్పనా, మీరేమీ అనుకోనంటే? ప్రతి సోమవారం మీ కారు నా షాపు ముందు నించే వెళ్ళేది. ఒక్క హారనైనా కొట్టారా? ఓ రోజు ఎదురుగా ఆ అద్దాల వెనకాల మీరు కూర్చుని కనిపించారు. ఆ మెకానిక్కు ఏదో చెబుతున్నాడు, మీరు పకపకా నవ్వుతున్నారు. ఇంజను గురించి చెబితే అంత నవ్వొస్తుందా అండీ? పదకొండేళ్ళు నేనూ చెప్పాను, ఎప్పుడైనా అట్లా నవ్వారా? ఇక్కడ నేను స్పానరు పట్టుకుని, ఏ బోల్టు విప్పానో ఏది బిగించానో కూడా మర్చిపోయాను. కడుపు మండిపోయిందండీ. దాచుకోవడం దేనికి?

వాడి చొక్కాకి మరకే ఉండదు! మెకానిక్కు చొక్కాకి మరక లేకపోవడమేమిటండీ, అనుమానం రావద్దూ?

ఏమిటీ? కాగితం మీద రాసివ్వాలా? నీళ్ళ బదులు వాడు పోసిన ఆకుపచ్చ కూలెంట్ వల్లే రేడియేటర్ పాడైందనా? అది తీసుకెళ్ళి ఆ షాపు యజమానికి ఇస్తారా?

ఇస్తే వాడి ఉద్యోగం ఊడుతుంది. అది తెలిసే అంటున్నారా? సరే, సరే, కోప్పడకండి. పెన్నెక్కడ పెట్టానబ్బా... ఇట్లాంటి కాగితం రాయాలని ఆర్నెల్ల నించీ ఎన్నిసార్లు అనుకున్నానో మీకేం తెలుసు! ప్రతి మాటా మనసులో రాసిపెట్టుకున్నాను.

ఉండండి, ఆరినట్టుంది. ముందు మూత తీసి చూద్దాం. ఈ గుడ్డ మడిచి వేసి, మెల్లగా... ఆఁ, వచ్చేసింది.

ఇటు రండి. వేలు పెట్టి చూడండి, కాలదులెండి. ఆకుపచ్చగా ఉందా? ఎర్రటి బురదలా ఉంది కదూ. తుప్పండీ. సన్నసన్న గొట్టాలన్నీ దీంతో పూడుకుపోయాయి. నీళ్ళు తిరగక ఇంజను కాగిపోయింది.

ఇది ఆర్నెల్ల తుప్పు కాదు నర్సమ్మగారూ. పదకొండేళ్ళది.

కూలెంట్ పోస్తే లోపల తుప్పు పట్టదు. రెండేళ్ళ దాకా మళ్ళీ చూడక్కర్లేదు కూడా. నాకు తెలీదనా? అందరి బండ్లలోనూ అదే పోస్తాను. మీ బండిలో మాత్రం కుళాయి నీళ్ళు. పైగా మూత రబ్బరు అరిగిపోయింది, వారం తిరిగేసరికి సగం నీళ్ళు ఆవిరైపోయేవి. అందుకే కదా, ప్రతి సోమవారం పొద్దున్నే 'కాస్త నీళ్ళు పోసిపెట్టండి' అంటూ వచ్చేవారు!

వచ్చి ఈ కుర్చీలో పది నిమిషాలు కూర్చునేవారు. ఎవరి పుండు మానిందో, ఏ ముసలాయన మందు వేసుకోనని మారాం చేశాడో చెప్పేవారు. నేను చెంబుతో నీళ్ళు పోస్తూ వినేవాణ్ణి. చెంబెడు నీళ్ళు పోయడానికి పది నిమిషాలెందుకని మీరెప్పుడూ అడగలేదు. సోమవారం నాడు నేనూ ఉతికిన చొక్కానే వేసుకునేవాణ్ణి. చూశారో లేదో మరి.

ఇదిగో, ఈ సొరుగులో చూడండి. కొత్త మూత. మీ బండిదే. కొని పదేళ్ళైంది, కవరు కూడా విప్పలేదు.

వాడు మొదటిరోజే మూత మార్చేశాడు. నా సోమవారాలు పోయాయి.

అక్కడితో ఆగినా బాగుండేది. మధ్యలో ఓసారి మీరొచ్చారు గుర్తుందా, గుమ్మంలోనే నిలబడి? 'లోపలంతా కడిగి కూలెంట్ పోశాను గానీ రేడియేటర్ మాత్రం మార్చాల్సిందే' అని వాడు రాసిచ్చిన చీటీ చూపించి, నిజమేనా అని అడిగారు. నన్ను నమ్మి అడిగారు. నేనేమన్నాను? 'అంతా వ్యాపారమండీ, నిక్షేపంలా ఉంది' అన్నాను. చీటీలో వాడు రాసిన ప్రతి అక్షరమూ నిజమేనని తెలిసే అన్నాను.

ఇవాళ ఆ పెద్దాయన కట్టు విప్పుకుని మీకోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడంటే, అది వాడి పని కాదు.

అట్లా చూడకండి. తిట్టినా బాగుండును.

రాస్తున్నాను, ఒక్క నిమిషం. కాగితం అడిగారుగా, ఇవ్వకుండా పంపిస్తానా? ఇదిగోండి. కుళాయి నీళ్ళు పోసింది నేను, రేడియేటర్ మార్చొద్దన్నది నేను. కింద సంతకం కూడా పెట్టాను. ఎవరికైనా చూపించుకోండి.

లేస్తున్నారా? బండి నేను తోస్తాలెండి, రోడ్డు దాటడమేగా. కొత్త రేడియేటర్ వాళ్ళ దగ్గరే దొరుకుతుంది. వాడు బాగానే బిగిస్తాడు. పనిమంతుడు, ఛీ, ఆ మాట నా నోటితోనే అనాల్సొచ్చింది.

హ్యాండ్‌బ్యాగు మర్చిపోకండి. ఆ దిండు అట్లాగే ఉండనివ్వండి... కాదులెండి, ఇటివ్వండి. గ్రీజు తుడుచుకోవడానికి పనికొస్తుంది.