గుల్లలో పట్టిన నీళ్ళు

రాజోలు దగ్గర ఒక ఊరు. ఇంటి వెనక వరండాలో సాల్మన్, ఆయన భార్య జయమ్మ. సాల్మన్ సైన్యంలో తుపాకులు బాగుచేసి రిటైరయ్యాడు.

"మళ్ళీ నీళ్ళు పోస్తున్నారా? నిన్నంతా ఇదే పని, ఇవాళా ఇదేనా?"

"పక్కకి జరుగు జయా. గాలికి త్రాసు ఊగుతోంది."

"అమలాపురం బయల్దేరాలండీ. ఆసుపత్రిలో మన పిల్ల షైనీ దగ్గర మా చెల్లి రెబెకా ఒక్కతే ఉంది. అయినా బంగారం కొట్టు త్రాసు తెచ్చి తూటా గుల్లలు తూస్తారా ఎవరైనా!"

"ఇంకెందులో తెలుస్తుంది? ఇది చూడు. నేనెప్పుడూ నింపే గుల్ల. దీంట్లో మూడు గ్రాముల అరవై పట్టేయి నీళ్ళు. ఇది రెండో రకం. పైకి కవల పిల్లల్లా లేవూ? ఇది మూడూ నలభైకే పొంగిపోయింది."

"ఆ కాస్తకేనా అండీ..."

"ఆ కాస్తకే! దీని గోడ మందం, లోపల చోటు తక్కువ. పెద్దదానికి కొలిచిన తుపాకిమందే దీంట్లోనూ కూరితే ఏమవుతుంది? తుపాకీలోనే పగిలి వెనక్కి తన్నింది. పిల్ల మొహం మీదకి."

"అబ్బా, ఊరుకోండి!"

"ఊరుకుంటే కళ్ళొస్తాయా? కుడిది ఆరోజే పోయింది. రెండోదీ నిలవదని డాక్టరు గారు చెప్పేసేరు."

"పాస్టరు గారు ప్రార్థన చేసేరు కదండీ. ఇంకా..."

"చేసేర్లే."

"పోనీ ఆ గుల్లలు చేసినోళ్ళదే తప్పేమో."

"గుల్లల్ది కాదే. అందుకే రెండు రకాలూ రెండు డబ్బాల్లో పెట్టేవాణ్ణి. దేని కొలత దానిదే. పదేళ్ళుగా రైఫిల్ క్లబ్బుకి తూటాలు నింపుతున్నాను, ఒక్కటి తేడా వచ్చిందా?"

"లేదు."

"మరి ఆ డబ్బాలోది ఈ డబ్బాలోకి ఎలా వచ్చింది?"

"నన్నడుగుతారేంటండీ? లేవండి, అన్నం పెట్టేస్తాను."

"వద్దు."

"పులుసు చల్లారిపోతోంది..."

"జయా."

"నేనేనండీ! ఆయ్, నేనే! పిల్ల పోటీకెళ్తోంది, గుల్లలు నల్లగా ఉన్నాయని ఇత్తడి బిందెల్తో పాటు చింతపండేసి తోమేను. రెండు డబ్బాలూ ఒకే పళ్ళెంలో పోసేసేను. చాటలో ఆరబెట్టేను. అన్నీ ఒకటే అనుకున్నానండీ, ఒకటే అనుకున్నాను..."

"ఏ రకమో గుల్ల అడుగున అక్షరాలుంటాయి. చూసి నింపాల్సింది నేను. తళతళలాడుతున్నాయని మురిసిపోయి నింపేసేను."

"మీకు ముందే తెలుసా?"

"నిన్న చాట మూల ఒకటి ఇరుక్కుని కనపడింది."

"మరి నన్నొక్క మాటైనా అనరేంటండీ! నేనే చెప్తాను దాంతో. ఇప్పుడే వెళ్ళి దాని కాళ్ళు పట్టుకుంటాను."

"వద్దు. పొద్దున్నే బజారుకని ఆసుపత్రికెళ్ళి చెప్పేసొచ్చేను. కలిపేసింది నేనేనని."

"అయ్యో ప్రభువా! ఎందుకండీ అలా చెప్పేరు?"

"రేపట్నుంచి దాన్ని చెయ్యి పట్టుకుని నడిపించాల్సింది నువ్వే. మనిద్దరిలో ఒక్కళ్ళయినా దానికి మిగలొద్దా?"

"ఏమందండీ? చెప్పండీ, ఏమంది?"

"ఇక నా గొంతు కూడా వినపడకూడదంది. అమ్మని పంపమంది."