తెల్ల అట్ట

భర్త పోయాక ఆమె స్టూడియోలో అడుగు పెట్టడం ఇదే మొదలు. మరిది కంప్యూటర్ ముందు కూర్చుని అన్న ప్రకటనల కోసం తీసిన పాత ఫోటోలు ఒక్కొక్కటే తిప్పుతున్నాడు. ఆమె అతని కుర్చీ వెనక నిలబడింది.

“గోడకి పెట్టుకుందామంటే అన్నయ్యది ఒక్క ఫోటో లేదేంటి వదినా?”

“కెమెరా వెనక నుంచి ఎప్పుడు కదిలారు గనక.”

“ఈ స్టీలు కెటిల్ చూడు, అద్దంలా ఉంది. తీసేవాడి నీడ ఇందులో పడాలి కదా.”

“పడనిస్తారా? దీపాల ముందు పల్చటి తెల్లగుడ్డ కట్టి, చుట్టూ తెల్ల అట్టలు నిలబెట్టేవారు. మెరిసే వస్తువులో తెలుపు తప్ప ఇంకేం కనపడకూడదు ఆయనకి.”

“ఇదిగో, ఇందులో ఏదో పడింది. బాగా రాలేదని పక్కన పెట్టేసినట్టున్నాడు. ఉండు, పెద్దది చేస్తా.”

ఆమె ముందుకు వంగింది.

“ఇవి కెమెరా స్టాండు కాళ్ళు. ఇవి అన్నయ్య చెప్పులే వదినా. ఇది చెయ్యి. మొహం దగ్గరికొచ్చేసరికి తెల్లగా ఉందేంటి?”

“అట్ట.”

“అయ్యో, ఒక్క బెత్తెడు కిందికి దించినా కనపడేవాడు. ఎవరు పట్టుకున్నారో గానీ, కదలకుండా పట్టుకున్నారు.”

ఆమె తెర మీది ఆ తెలుపును వేలితో తాకింది.

“చేతులు పీకుతున్నాయి, దించేస్తానన్నాను,” అంది. “ఇంకొక్క నిమిషం పట్టుకోమన్నారు.”