పల్లంరాజు గారి ఉమ్మడి రోడ్డు

పల్లంరాజు గారు టీ గ్లాసు పట్టుకుని గొంతు సవరించుకున్నారంటే టీకొట్టు జ్ఞానమ్మ పొయ్యి మంట తగ్గించేస్తుంది. ఆయన కోతలయ్యేదాకా రెండో టీ ఎవరూ అడగరు.

ఆ పొద్దున త్రిమూర్తులు మాత్రం కూర్చోలేదు. బయట వ్యాను నిండా చక్కెరకేళీ గెలలు. కొత్త రోడ్డున పోతే రావులపాలెం మార్కెట్టు ఇట్టే వచ్చేస్తుంది. కాలవగట్టు మీదుగా చుట్టు తిరిగితే ఆలస్యమవుతుంది. కొత్త రోడ్డెక్కాక దారిలేక వెనక్కి రావాల్సొస్తే మాత్రం బేరమూ పోతుంది, గెలలూ ఎండకి నల్లబడతాయి. అందుకే, ఆ రోడ్డు తనే వేయించానని చెప్పుకునే రాజుగారిని, కాలవ మీద వంతెన పూర్తయిందా అని అడిగాడు.

“నేను చేసిందల్లా ఓ నులకమంచం వాల్చడమేనండి,” అని మొదలెట్టారు రాజుగారు. పూర్వం ప్లాను గీసేవాడొకడు, రోడ్డేసేవాడొకడు, మధ్యలో కరెంటు స్తంభం అడ్డొస్తే ఒకరి మీద ఒకరు ఉత్తరాలు. అలా కాదని, గీత గీయకముందే ఇంజినీరునీ, కంట్రాక్టరునీ, కరెంటాయన్నీ, కాలవాయన్నీ ఆ మంచం మీదే కూర్చోబెట్టారట. “లాభమొచ్చినా నష్టమొచ్చినా అందరిదీనని ఒప్పందం. ఇంక ఎవరైనా ఏదైనా దాస్తారాండీ?”

త్రిమూర్తులికి ఆ మాట భలే నచ్చింది. గెలల సంగతి కాసేపు మరిచి బల్ల మీద కూర్చున్నాడు. “మరి పని జోరుగా సాగిందాండీ?”

“ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

ఏమైందంటే, ప్లాను గీసేవాడి పెన్సిలు వెనకాలే తారు పడుతూ వచ్చిందట. మధ్యాహ్నానికి రోడ్డు పెన్సిల్ని దాటిపోతే, కాస్త ఆగమని ఇంజినీరు బతిమాలాడట. మంచం మీద కరెంటాయన ఉన్నాడు కనక స్తంభాలు వాటంతటవే పక్కకి జరిగాయట. కాలవాయన కూడా ఉన్నాడు కనక, పిల్లర్లు దిగేదాకా కాలవ నీళ్ళు బిగపట్టుకు నిలబడ్డాయట, చేపలు వరసలో ఆగాయట. ఆ ఊపులో రోలరు ఆగనంటే ఆగదు, కాకినాడ దాకా పోయింది, అక్కడ సముద్రం అడ్డొచ్చింది గానీ లేకపోతేనా...

“ఓడలు పక్కకి జరగలేదాండీ?” అంది జ్ఞానమ్మ గ్లాసులు కడుగుతూ.

“వాటినెవరూ మంచం మీదికి పిలవలేదమ్మా.”

త్రిమూర్తులు లేచాడు. “ఆయ్, అయితే కొత్త రోడ్డే ఎక్కిస్తానండి. మీ పద్ధతిలోనే పోదాం. వేళకి చేరితే లాభంలో మీకూ వాటా. దారిలేక నా గెలలు పాడైతే నష్టంలో సగం మీది. సరేనాండీ?”

రాజుగారు గ్లాసు బల్ల మీద పెట్టారు. ఓసారి దగ్గి, గొంతు తగ్గించారు.

“వంతెన అటునుంచి వచ్చిందండి. ఇటునుంచీ వచ్చింది. నడుమ కాస్త జాగా ఉండిపోయింది. నువ్వు గట్టు మీదుగానే పో.”

త్రిమూర్తులు వ్యాను తాళం తీసుకున్నాడు.

“మీ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేస్తోందండి రాజుగారూ,” అన్నాడు. “నష్టంలో వాటా అనేసరికి దాచింది కాస్తా బయటికొచ్చేసింది.”