శోభనాద్రి వీధి గుమ్మం

చాలాకాలానికి శోభనాద్రి గిలకలదిండిలో హలీమా టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాడు. పెద్దపేగు చివర గడ్డ కోసేశాక, మిగిలిన పేగు కొసను పొట్ట మీదికి తీసి సంచి తగిలించారు. అప్పటినుంచి చేపల వేటకి రాలేదు. పడవలో జతగాడు గణపతే బతిమాలి తీసుకొచ్చి, ఇడ్లీ చెప్పాడు.

"ఏంటి బావా, ఇలా చిక్కిపోయావు?" అన్నాడు గణపతి.

"నేను చిక్కడమేంట్రా! పొద్దున్నే గిన్నెడు చద్దన్నం తిన్నాను. దాని మీద తట్టెడు మెత్తళ్ళ పులుసు. నా పేగు సంగతి నీకేం తెలుసు? చిన్నపేగు సారమంతా లాగేసి, జావలాంటిది పెద్దపేగుకి వదులుతుంది కదా, అదేం చేస్తుందో తెలుసా? మన ఆడాళ్ళు ఇసకలో చేపలు ఎండబెట్టరూ, అలా దాన్ని మెల్లగా ముందుకి నెడుతూ, నీళ్ళు పీల్చేస్తూ గట్టిపరుస్తుంది. అందరిదీ అంతేలే, కానీ నాది పీల్చడం మొదలెడితే ఆగదు. ఆమధ్య కాలవలు ఎండిపోతే నా పేగు నీళ్ళే పెదపారుపూడి చేలకి పెట్టారు!"

"పండిందా అన్నయ్యా?" హలీమా టీ తిరగబోస్తూ అడిగింది.

"రెండు పంటలమ్మా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆపరేషన్‌లో డాక్టరుగారు పేగు లాగుతుంటే వస్తూనే ఉంది. ఓ కొస గుడివాడలో నర్సమ్మ పట్టుకుంటే రెండోది హంసలదీవి దగ్గర సముద్రంలో తేలింది. అక్కడివాళ్ళు పడవ మోకనుకుని లంగరు కట్టేశారు!"

బల్ల మీదున్నవాళ్ళు పగలబడి నవ్వారు.

"ఇక చివర్న కాలవకున్నట్టే లాకు ఉంటుంది. సరుకంతా అక్కడికి చేరితే లాకు కాసే లస్కరు కబురు పెడతాడు, మనం సరేనంటేనే తలుపెత్తుతాడు. నా లస్కరుని ఇంటికి పంపించేశారు." శోభనాద్రి గొంతు కాస్త తగ్గి, మళ్ళీ లేచింది. "అయితే ఏంట్రా? మీ అందరికీ దొడ్డిదారే. నాకు వీధి గుమ్మం పెట్టారు! రిబ్బను కత్తిరించడానికి కలెక్టరుగారే వస్తామన్నారు, నేనే ఇప్పుడు ఖాళీ లేదన్నాను."

"తట్టెడు పులుసు తిన్నవాడివి," అంది హలీమా, "ఇడ్లీ చివర కూడా తుంచలేదేం అన్నయ్యా?"

శోభనాద్రి చొక్కా కిందికి లాక్కున్నాడు. "ఆకలి లేదమ్మా."

"వదిన పాలకొచ్చి ఏడ్చింది. నలుగురిలోకి రావాలంటే ముందురోజు నుంచీ ఒట్టి మంచినీళ్ళేనట కదా."

అతను గణపతి వంక చూశాడు. "తింటే నిండుతుందిరా. ఎప్పుడొస్తుందో నాకే తెలీదు. పడవలో అందరి మధ్యా చప్పుడైతే? వాసనొస్తే? ఆపేవాడు లేడు కదరా."

గణపతి లేచి వెళ్ళి బావ పక్కన, భుజం తగిలేలా కూర్చున్నాడు.

హలీమా చెయ్యి తుడుచుకుని, కొట్టు వెనక రేకు తలుపు తోసింది.

"ఇటు దొడ్డి ఉంది. తడికె కట్టించాను, గడియ ఉంది, బకెట్‌లో నీళ్ళున్నాయి. ఎన్నిసార్లు వెళ్ళినా అడిగేవాళ్ళు లేరు. తిను."

శోభనాద్రి ఆ తలుపు వైపు చూశాడు.

"అయితే నాకూ ఉందన్నమాట, దొడ్డిదారి," అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. చల్లారిన ఇడ్లీలోంచి చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలాడు.