కుడి చంక కుట్టు

"నగరంలో కారు నడపడమంటే నాకు మంచినీళ్లు తాగినట్టు అల్లుడూ!" అన్నాడు టాప్‌గేరు మావయ్య, టీ గ్లాసును స్టీరింగులా రెండు చేతులా తిప్పుతూ.

దర్జీ తలెత్తలేదు. టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఆ మావయ్య చొక్కాకే కుడి చంక కింద ఊడిన కుట్టు మళ్లీ వేస్తున్నాడు. చేతిలో సూది ఇవాళ మాట వినడం లేదు. రేపు పొద్దున్నే భార్యను నగరంలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఈమధ్య కాజాలు కుట్టేటప్పుడు ఆవిడ గుడ్డను ముక్కుకి ఆనించుకుంటోంది. నిన్న నల్ల దారానికీ నీలం దారానికీ తేడా తెలియక ఏడ్చేసింది. ఆ డాక్టరు చూస్తాననడమే గగనమైంది, వేళ దాటితే మళ్లీ ఎప్పటికో. బస్సెక్కి, రైలు మారి వెళ్దామంటే, చూపు ఆనని మనిషిని ఆ తోపులాటలోకి ఎలా తీసుకెళ్లడం? పోనీ కారు అద్దెకు తీసుకుందామంటే అతనికి నడపడం రాదు.

"నేను లేనూ?" అంటూ మావయ్య ముందుకొచ్చాడు. ఆయన ఆవిడకు స్వయానా చిన్నాన్న. నగరంలో కంపెనీ కారు నడుపుతానని ఏళ్ల తరబడి చెబుతున్నాడు. రోజూ బస్సెక్కేది ఆ కారు దాకా వెళ్లడానికేనట. అద్దె కార్లాయన తాళాలు వేలికి తిప్పుకుంటూ ఎదురుగానే కూర్చున్నాడు. ఏ సంగతో ఇప్పుడే తేల్చాలి.

"నడపడం ఎవడైనా నడుపుతాడు, ఆపడంలో ఉంది విద్య," అన్నాడు మావయ్య. "ఓసారి రెండు కార్ల మధ్య బెత్తెడు సందుంది. ఒక్క తిప్పు తిప్పి దూర్చేశాను. చూసినవాళ్లు చప్పట్లు కొట్టారు!"

"మరి దిగడానికి తలుపు తెరుచుకుందా?" అంది టీ పిన్ని.

"తెరుచుకోలేదమ్మా, అందుకే మళ్లీ బయటికి తీశా! ఇంకో చోటు కోసం ఆ వీధి చుట్టూ తిరగడం మొదలెట్టా. తిరుగుతూనే టీ చెప్పా. రెండో చుట్టులో గ్లాసు కిటికీలోంచి అందించారు, మూడో చుట్టులో ఖాళీ గ్లాసు పట్టుకుపోయారు. ఆ మూల ఎవరో ఇంటికి పునాది తవ్వుతున్నారా, నేను తిరిగొచ్చేసరికి గోడలు లేచాయి, ఇంకో చుట్టుకి పైకప్పు పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఇంట్లో కాపురానికి దిగినవాళ్లు 'ఎవరయ్యా నువ్వు, మా ఇంటి చుట్టూ తిరుగుతున్నావు?' అని నన్నే దబాయించారు!"

అందరూ నవ్వారు. దర్జీకి మాత్రం సూది వేల్లో దిగింది.

"మావయ్యా, రేపు కూడా చోటు దొరక్కపోతే? మనం అలా తిరుగుతూ ఉంటే వేళ దాటిపోదూ?"

భయపడే మనిషి దొరికితే మావయ్యకు గేరు మారుతుంది.

"పిచ్చివాడా, విను! అలా విసుగెత్తి వంతెన ఎక్కించా. సర్రున పోతున్నా. తీరా చూస్తే వంతెన సగమే కట్టారు! ముందు గాలి తప్ప ఏమీ లేదు. బ్రేకు వేస్తే నా పరువేం కాను? కింద రైలు పోతోంది. ఒక్క హారన్ కొట్టి కారును దాని నెత్తి మీదికి దూకించా. వెనక సీట్లో మా మేనేజరు గారికి నిద్రయినా చెదరలేదు!"

"రైలు ఊరుకుందా?" అన్నాడు అద్దె కార్లాయన. ఆయన వేలి మీద తాళాలు ఆగిపోయాయి.

"ఊరుకోక ఏం చేస్తుంది? పైనుంచి నేను తొక్కుతున్న తొక్కుడికి కింద రైలే పరుగందుకుంది! స్టేషన్లు వస్తున్నాయి, పోతున్నాయి, జనం దణ్ణాలు పెడుతున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎదురుగా పెద్ద వంపు! రైలు ఒక పక్కకి ఒరిగింది, కారు ఇంకో పక్కకి ఒరిగింది, నగరం నగరమంతా ఒరిగిపోయింది! నేను మాత్రం..."

మావయ్య లేచి నిలబడ్డాడు. కాళ్లు ఎడంగా పెట్టాడు. ఎడమ చెయ్యి జేబును అదిమి పట్టుకుంది. కుడి చెయ్యి తల మీదికి లేచి, గాలిలో దేన్నో గట్టిగా పట్టుకుంది. లేని వంపుకు ఒళ్లు అటూ ఇటూ ఊగింది.

"ఇదిగో, ఇలా! ఉన్నచోటు నుంచి కదిలితే ఒట్టు!"

దర్జీ ఆ చేతిని చూశాడు. మావయ్య ఒంటి మీద చొక్కాకు చంక కింద తను వేసిన పాత కుట్టే కనిపించింది. ఒళ్లో చొక్కా చూశాడు. ఇన్నేళ్లలో మావయ్య ఏ చొక్కా తెచ్చినా కుడి చంకే. ఎడమది ఒక్కనాడూ ఊడలేదు.

"మావయ్యా," అన్నాడు మెల్లగా, "స్టీరింగు అంత ఎత్తులో ఉంటుందా?"

టీ పిన్ని చేతిలో గిన్నె ఆగింది. మావయ్య చెయ్యి పైనే ఉండిపోయింది. అద్దె కార్లాయన పగలబడి నవ్వి, తాళాలు జేబులో వేసేసుకున్నాడు.

దర్జీకి నవ్వు రాలేదు. రేపు ఈయన్ని నమ్మి ఆవిడను కారెక్కించేవాణ్ణే కదా అనుకునేసరికి కోపం ముంచుకొచ్చింది. తిట్టడానికే నోరు తెరిచాడు. కానీ ఏళ్లుగా బస్సు కడ్డీ పట్టుకున్న ఆ చెయ్యి ఇంకా అక్కడే ఉంది, పట్టు సడలకుండా.

"ఏ బస్సెక్కితే ఆవిడకు కూర్చోడానికి చోటు దొరుకుతుంది?" అని అడిగాడు.

చెయ్యి కిందికి దిగింది. మావయ్య గొంతు కూడా దిగింది. "మొదటి బస్సు. డ్రైవరు వెనక సీటైతే తోపులాట ఉండదు. రైల్లో చివరి పెట్టె ఎక్కాలి, దిగితే మెట్లు పక్కనే. నేను తలుపు దగ్గర అడ్డంగా నిలబడతా, అమ్మాయిని ఎవడూ తొయ్యడు. ఆస్పత్రి స్టేషనుకి ఎదురుగానే." అల్లుడి వైపు తిరిగి అన్నాడు, "వేళకి చేరుస్తా అల్లుడూ."

ఈ మాటల్లో ఎక్కడా ఏదీ దూకలేదు. దర్జీ అప్పటిదాకా వేసిన కుట్టంతా విప్పేసి, సూదిలోకి దారం రెండు పేటలుగా ఎక్కించాడు.

"మళ్లీ ఎందుకయ్యా విప్పావు?" అన్నాడు మావయ్య.

"గట్టిగా కుడదామని. రేపు కడ్డీ ఒక చేత్తో, ఆవిడను ఒక చేత్తో పట్టుకోవాల్సింది మీరే."