నక్షత్రం పెట్టే మావయ్య

క్రిస్మస్ విందుకు పిలిచిన చుట్టాలు ముందుగదిలో కూర్చున్నారు. వంటగదిలో భార్యాభర్తలు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

“మీ బాబాయిగారు ఇంకా రాలేదేంటండీ? చెట్టు మీద నక్షత్రం ఏటా ఆయనేగా పెట్టేది.”

“మా బాబాయేంటి? ఆయన మీ బాబాయి కదా.”

“మావైపు అంత పొడుగు మనిషి ఎవరున్నారు?”

“మరి నేను మావయ్యా అంటుంటే ఊరుకున్నావేం?”

“నేనంటుంటే విని మీరూ అలా అంటున్నారనుకున్నా. మీ బాబాయనే కదా నేను మావయ్యా అన్నది.”

“అసలు మొదటిసారి ఎవరితో వచ్చాడు?”

“తలుపు నేనే తీశాను. లోపలికి రండి మావయ్యా అన్నాను. వచ్చారు.”

“ఆరేళ్ళ నుంచి ఎవరికి వడ్డిస్తున్నాం మనం?”

“తిన్నాక గిన్నెలు కూడా కడిగి వెళ్తారండీ.”

“అదిగో, బెల్లు. ఆయనే. ఎవరో అడిగేస్తానుండు.”

“వద్దండీ. అడిగితే మళ్ళీ రారు. ఈ నక్షత్రం తీసుకెళ్ళి మన మావయ్య చేతికివ్వండి.”