జలుబు చేసిన సుబ్బాయమ్మ

అబూధాబీలో పక్కపక్క విల్లాల్లో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళు. మధ్యాహ్నం, గేటు నీడలో, పిల్లల స్కూలు బస్సు కోసం చూస్తూ.

"నేను నేను కాదంటే మరి నేనెవర్నే రహమతూ? అదే అడిగాను ఆ పిల్లని."

"ఏ పిల్లనక్కా? నడిమధ్యలో ఎత్తుకుంటే నాకేం తెలుస్తాది. మొదట్నుంచి చెప్పు."

"బ్యాంకు పిల్లనే. రాజోలు బ్యాంకులో నాకు డిపాజిట్టుంది కదా. ఇంటికెళ్ళాక బస్టాండు దగ్గర మెస్సు పెట్టుకుందామని దాచుకున్నది."

"సుబ్బాయమ్మ మెస్సు. తెలుసులే, బోర్డు రంగు కూడా చెప్పినావు."

"ఆ డిపాజిట్టు మీద వడ్డీ వస్తే అందులోంచి టాక్సు కోసేస్తారంట. పోయిన నెల ఒకడు ఫోన్ చేశాడు. పేరు మహీధరంట, ఇన్‌కమ్ టాక్సు వాళ్ళంట. మీ దగ్గర ఎక్కువ కోసేశారండీ, అది మీకు తిరిగి రావాలి, రిఫండు ఇప్పిస్తాం అన్నాడు. ప్రతి మాటకీ సుబ్బాయమ్మ గారూ, సుబ్బాయమ్మ గారూ. మా ఆయన బతికున్నన్నాళ్ళూ నన్ను ఒక్కసారి గారు అనలేదే."

"గారు అన్నాడని నమ్మేసినావా?"

"పాన్ కార్డు ఫోటో అడిగితే పంపాను. ఆధార్ అడిగాడు. అదీ పంపాను."

"అక్కా, మీ చర్చిలో కూడా చెప్పినారంటివే, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని."

"చెప్పలేదే. అంత తెలివితక్కువదాన్నా? ఆడు అడిగినప్పుడు నోటితో చెప్పనుగాక చెప్పను అనేశాను."

"మంచి పని జేసినావు."

"వాట్సాప్‌లో రాసి పంపాను."

"యా అల్లా."

"చెప్పొద్దన్నారు గానీ రాసివ్వొద్దని ఎవరన్నారు?"

"సరే, సరే. ఆమీట ఏమైంది?"

"మెసేజీ వచ్చింది. మీ ఫోన్ నంబరు మార్చుకున్నందుకు ధన్యవాదాలు అని. నేను మార్చుకోలేదు కదా, నాకెందుకు ధన్యవాదాలు? అప్పుడు అర్థమైంది. పొయ్యి మీద మటనుంది. ఉప్పేశానో లేదో గుర్తులేక వేశాను. మళ్ళీ గుర్తులేక మళ్ళీ వేశాను. ఇంటి యజమాని బాబా ఒక్క ముద్ద తిని, గ్లాసెడు నీళ్ళు తాగి, బయటికెళ్ళి షవర్మా తిన్నాడు."

"బ్యాంకుకి ఫోన్ చేసినావా లేదా?"

"ఇంటి యజమానురాలు మామాని ఫోన్ అడుక్కుని చేశాను. ఆ పిల్ల పుట్టినరోజు చెప్పమంది. నాకు రెండున్నాయి కదా."

"రెండేంది?"

"ఆధార్ రాసినాయన ఏదో ఒకటి వేశాడు, అదేంటో ఆ కంగారులో గుర్తు రాలేదు, కార్డు చూసుకోవాలనీ తోచలేదు. ఇక్కడికి రావడానికి వయసు చాలదని ఏజెంటు పాస్‌పోర్టులో ఇంకొకటి వేయించాడు. అసలుది మా అమ్మకే తెలీదు. గోదారికి పెద్ద వరదొచ్చిన ఏడాది పుట్టావంటాది."

"నువ్వేది చెప్పినావు?"

"ఏజెంటు వేసింది చెప్పాను. కాదంది. వరద సంగతి చెప్పాను."

"బ్యాంకులో వరద గురించి చెప్పినావా?"

"నిజం అదే కదే. సరిపోలేదు మేడమ్ అంది. మరి అమ్మ పేరు చెప్పండి అంది. బుల్లెమ్మ అన్నాను. ఊరంతా అలాగే పిలుస్తారు. అదీ తప్పంట. అకౌంటు వివరాలు సుబ్బాయమ్మ గారికి తప్ప ఇంకెవరికీ చెప్పం అంది. నేనే తల్లీ సుబ్బాయమ్మని అన్నాను. అప్పుడు గొంతు తగ్గించింది. సుబ్బాయమ్మ గారు నిన్ననే మాతో మాట్లాడారు, దుబాయ్ నుంచి ఒకావిడ నా పేరు చెప్పుకుని ఫోన్ చేస్తాది, జాగ్రత్తగా ఉండండి అని చెప్పారు అంది."

"ఎవరు? ఆ దొంగ నాయాలా?"

"ఆడే."

"వాడు మగోడు కదక్కా. గొంతు తెల్దా వాళ్ళకి?"

"నేనూ అదే అడిగాను. సుబ్బాయమ్మ గారికి జలుబు చేసిందంట. పాపం, ఆవిరి పట్టుకోమని ఈ పిల్లే చెప్పిందంట."

"పోలీసులకి చెప్పాల్సింది."

"చెప్పాను. మా మేనకోడలు శాంతిప్రియ ఊళ్ళో కూర్చుని ఆన్‌లైన్లో కంప్లైంటు పెట్టింది. బ్యాంకు వివరాలు కూడా రాసింది. వాళ్ళు బ్యాంకులో ఉన్న నంబరుకే ఫోన్ చేశారు."

"అది ఆ దొంగోడి నంబరు కదా."

"మరి. సుబ్బాయమ్మ ఎత్తింది. నాకేం నష్టం లేదండీ, మా మేనకోడలు ఉత్త కంగారు మనిషి, మీకు శ్రమ ఇచ్చింది, క్షమించండి అందంట. కంప్లైంటు మూసేసి శాంతిప్రియకే నాలుగు చీవాట్లు పెట్టారు."

"నవ్వాల్నో ఏడ్వాల్నో తెలీట్లేదక్కా."

"నాకు ఏడుపే వచ్చింది. మామాకి చెప్పాను. ఆవిడ అంతా విని, నా గుర్తింపు కార్డు, బతాకా తెమ్మంది. కార్డు మీద ఫోటో చూసింది, నన్ను చూసింది, మళ్ళీ ఫోటో చూసింది. ఇన్నేళ్ళు ఆవిడ ఇంట్లో ఉన్నాను, ఆవిడ పిల్లల్ని పెంచాను. ఆవిడకీ అనుమానం వచ్చింది. ఇంక నాకెవరున్నారు చెప్పు? ఆడికే చేశాను."

"ఎవరికి?"

"మహీధర్‌కి."

"బాగా తిట్టినావా?"

"తిట్టడానికి కాదే. నా పుట్టినరోజు ఏదని చెప్పావు బాబూ బ్యాంకులో, అని అడగడానికి."

"దొంగని అడిగినావా?"

"ఆడికి తప్ప తెలిసినోళ్ళు ఎవరున్నారు?"

"ఏమన్నాడు?"

"'మేడమ్, వ్యక్తిగత వివరాలు ఫోన్లో ఎవరికీ చెప్పకూడదండీ' అన్నాడు."

"వాడా? ఆ మాట వాడన్నాడా?"

"ఎంత శాంతంగా అన్నాడనుకున్నావు. 'అవి నావే కదయ్యా' అన్నాను. 'ఫోన్లో అందరూ అలాగే అంటారండీ. మీరే సుబ్బాయమ్మ గారని నేనెలా నమ్మాలి?' అన్నాడు. అప్పుడింక ఆగలేదు. ఏడ్చేశాను. నేను కాకపోతే తెల్లారుజామున లేచి ఈ ఇంట్లో చపాతీలు ఒత్తిందెవరయ్యా, బిడ్డ పోయినప్పుడు ఊరెళ్ళలేక ఈ వంటింట్లో కూలబడింది ఎవరయ్యా, అన్నాను. ఆ సుబ్బాయమ్మ నువ్వేనా చెప్పు, నువ్వే అయితే ఊరుకుంటాను అన్నాను."

"అంతా విన్నాడా వాడు?"

"పెట్టేస్తాడేమో అనుకున్నాను. ఆఖరికి, 'ఏడవకండమ్మా. జనవరి ఒకటి. అమ్మ పేరు సూర్యకాంతం' అని చెప్పి పెట్టేశాడు."

"మీ అమ్మ పేరు సూర్యకాంతమా?"

"నాకూ అప్పుడే గుర్తొచ్చింది. బళ్ళో అదే రాయించారంట, బ్యాంకులోనూ అదే ఎక్కింది, ఆడు అకౌంటులో చూసుంటాడు."

"ఆమీట?"

"వెంటనే బ్యాంకుకి చేశాను. అదే పిల్ల ఎత్తింది. అడిగినవన్నీ టకటకా చెప్పాను. 'జలుబు తగ్గిందా అమ్మా, గొంతు బాగుంది' అంది. తగ్గింది గానీ ముందు నా అకౌంటు ఆపెయ్ తల్లీ అన్నాను. ఆపేసింది."

"హమ్మయ్య. డిపాజిట్టు?"

"కదల్లేదు. అది తియ్యాలంటే బ్యాంకుకెళ్ళి సంతకం పెట్టాలంట. నా సంతకం నాకే ఒకసారి వచ్చినట్టు ఇంకోసారి రాదు, ఆడికేం వస్తాది. తర్వాత మామా సెలవిస్తే ఎంబసీకెళ్ళాను. నేను నేనేనని కాయితం మీద రాసి ముద్రేసి ఇచ్చారు. సెలవు మీద ఊరెళ్తున్న మా ఊరి జోగయ్య చేతికిచ్చి బ్యాంకుకి పంపాను. మేనేజరు గారు నా నంబరు మళ్ళీ ఎక్కించి, అకౌంటు తెరిచారు. పాస్‌వర్డులన్నీ మార్పించారు. ఆధార్ కూడా తాళం వేయించాం."

"అల్హమ్దులిల్లా. అక్కా, ఇంకనన్నా బుద్ధి తెచ్చుకో. టాక్సోళ్ళు రిఫండు ఇస్తామని ఫోన్లు చేయరు. ఓటీపీ చెప్పేది లేదు, రాసేది లేదు, చూపించేది లేదు. ఎవడన్నా గారు అంటే ఫోన్ పెట్టెయ్. దొంగల్లో మంచోళ్ళుంటారా? ఏదో నీ అదృష్టం. నేనయితే మొదటి మాటకే వాడి తాట తీసుంటా."

"నువ్వు గట్టిదానివిలే. కానీ ఇంకొకటుంది."

"ఇంకా ఏముంది?"

"అకౌంటు తెరిచాక చూస్తే అందులో ఉండాల్సిన దానికంటే ఎక్కువుంది."

"యాడిది?"

"రిఫండు."

"ఏ రిఫండు?"

"ఆడు చెప్పిందే. నా పేరు మీద టాక్సు ఆఫీసుకి కాయితాలు నిజంగానే వేశాడంట. ఆ డబ్బు నా అకౌంటులో పడగానే లాగేద్దామని ఆడి ఆలోచన. పడేసరికి నేను ఆపించేశాను. అది అందులోనే కూర్చుంది."

"అది దొంగ డబ్బు కదక్కా. తిరిగిచ్చెయ్యాల."

"నేనూ భయపడి అదే అన్నాను. మేనేజరు గారు ఆడిటర్‌కి చూపించారు. నాకు న్యాయంగా రావాల్సిందేనంట. ప్రతి ఏడాదీ వస్తాదంట, అడిగినోళ్ళకి. నేనెప్పుడూ అడగలేదు. ఆడు వేసిన కాయితాల్లో ఒక్క తప్పు లేదని ఆడిటరు గారే మెచ్చుకున్నారు."

"ఒక్క తప్పు కూడా లేదా?"

"లేదంట."

"వాడు దొరికినాడా?"

"లేదు. మళ్ళీ కంప్లైంటు పెట్టాం, ఈసారి సరిగ్గా. నంబరు ఇచ్చాను, వెతుకుతున్నారు. అదిగో బస్సొచ్చేసింది, పద."

"ఉండక్కా. ఆ నంబరు నీ కాడ ఉందా ఇంకా?"

"ఉంది. ఎందుకు, బ్లాకు చేసుకుంటావా?"

"కాదక్కా. నాక్కూడా రాయచోటి బ్యాంకులో డిపాజిట్టుంది."